జైరాజ్ వెళ్లిన దారి

తెలుగు సినిమా చరిత్ర చెప్పడానికి మనకొక అలవాటైన వరస ఉంది. రఘుపతి వెంకయ్య, ఆయన కొడుకు ప్రకాశ్ మద్రాసులో స్టూడియో పెట్టి 1921లో ‘భీష్మ ప్రతిజ్ఞ’ తీయడంతో కథ మొదలవుతుంది. కోడంబాక్కం, వడపళని వీధుల్లో అర్ధశతాబ్దం నడుస్తుంది. తర్వాత అమీర్‌పేటలో సారథి స్టూడియో, బంజారాహిల్స్ బండల మీద అన్నపూర్ణ, ఆ పైన జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్. అక్కడికొచ్చి కథ ఆగుతుంది. ఈ వరసలో హైదరాబాదు ఎప్పుడూ చివరి మజిలీ మాత్రమే. మద్రాసు నుంచి సినిమావాళ్లు దిగేదాకా ఈ ఊరికి సినిమాతో పనే లేనట్టు, ఇక్కడి కొండలు వాళ్ల కోసమే కాచుకుని ఉన్నట్టు మాట్లాడుకుంటాం. ఇదే ఊళ్లో చదువుకున్న కరీంనగర్ కుర్రవాడొకడు 1929లోనే బొంబాయి వెళ్లి మూకీ సినిమాల్లో వేషం కట్టి, టాకీల్లో కథానాయకుడై, అరవై ఏళ్లకు పైగా హిందీ తెర మీద నిలబడ్డాడన్న సంగతి ఈ వరసలో ఎక్కడా ఇమడదు. ఆయన పైడిపాటి జైరాజ్. దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం అందుకున్న తెలుగువాళ్లలో మొదటివారు బి.ఎన్. రెడ్డి, 1974 సంవత్సరానికి. రెండోవారు ఎల్.వి. ప్రసాద్ అనుకుంటారు చాలామంది. ప్రసాద్ గారికి వచ్చింది 1982కి. అంతకు రెండేళ్ల ముందే, 1980కి, జైరాజ్‌కు వచ్చింది. జైరాజ్‌ను గుర్తుచేసుకునేవాళ్లు కూడా ‘మనవాడే, కానీ మనకు దక్కలేదు’ అన్న ధోరణిలో, తప్పిపోయిన బంధువు గురించి చెప్పుకున్నట్టు చెబుతారు. ఆ ధోరణి సరికాదని నా వాదన. ఆయన తెలుగు సినిమాను కాదనుకుని పోలేదు. హైదరాబాదు రాజ్యంలో పుట్టిన మనిషికి ఆనాడు సినిమాకు తెరిచి ఉన్న దారి బొంబాయికి పోయేదే. ఆయన ఆ దారినే వెళ్లారు.

జైరాజ్ పుట్టింది 1909 సెప్టెంబరు 28న, కరీంనగర్‌లో. చదివింది హైదరాబాదు నిజాం కాలేజీలో. 1887లో మొదలైన ఆ కాలేజీ నిజాం రాజ్యం నడిబొడ్డున ఉంటూనే మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఇంగ్లీషులో నడిచేది. కాలేజీ గేటు దాటితే ఊరిది వేరే భాష. 1880ల నుంచి కచేరీల్లో, కోర్టుల్లో ఉర్దూయే. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు ఉన్నత విద్యకు కూడా ఉర్దూనే బోధనభాష చేశారు. ఇంట్లో తెలుగు, కాలేజీలో ఇంగ్లీషు, బజారులోనూ కొలువులోనూ ఉర్దూ. చదువుకున్న హైదరాబాదీ తెలుగు యువకుడికి ఈ మూడూ మామూలే. ఇక రైలు సంగతి చూడండి. సికింద్రాబాదును వాడి జంక్షన్ దగ్గర బొంబాయి లైనుతో కలిపిన నిజాం రైలుమార్గం 1874లోనే తెరిచారు. తూర్పున బెజవాడ దాకా పట్టాలు చేరడానికి మరో పదిహేనేళ్లు పట్టింది. అంటే అన్నేళ్ల పాటు హైదరాబాదు నుంచి రైలెక్కితే పడమరకే పోవాలి. సరుకులు, పత్రికలు, వకీళ్లు, నాటక కంపెనీలు ఆ పట్టాల మీదే అలవాటు పడ్డాయి. తూర్పు లైను వచ్చాక కూడా ఆ అలవాటు పోలేదు. రాజమండ్రి కుర్రవాడికి పట్నమంటే మద్రాసు. కరీంనగర్ కుర్రవాడికి హైదరాబాదు దాటిన పెద్ద పట్నం బొంబాయి. ఈ తేడా ఇద్దరి ఇష్టాయిష్టాల్లో లేదు, పరిపాలన గీసిన సరిహద్దుల్లో ఉంది.

అయితే హైదరాబాదులోనే సినిమా ఎందుకు పుట్టలేదు? డబ్బుంది, దర్బారుంది, చూసే జనముంది. నిజానికి పుట్టింది. పుట్టిన రెండేళ్లకే ఊపిరాగింది. ఈ ఉదంతం మన సినిమా చరిత్రల్లో ఫుట్‌నోటు స్థాయి దాటదు కాబట్టి కొంచెం నిదానంగా చెప్పాలి. ధీరేంద్రనాథ్ గంగూలీ శాంతినికేతన్‌లో చదువుకున్న బెంగాలీ. హైదరాబాదు వచ్చి నిజాం ప్రభుత్వ చిత్రకళా విద్యాలయంలో పనిచేశారు. కలకత్తాలో ‘బిలేత్ ఫెరత్’ సినిమాతో పేరు తెచ్చుకున్నాక మళ్లీ హైదరాబాదుకే వచ్చి 1922లో లోటస్ ఫిల్మ్ కంపెనీ పెట్టారు. నిజాం ఆదరణ దొరికింది. పురాణకథలు, హాస్యచిత్రాలు వరసగా తీశారు. సినిమాహాళ్లు కూడా నడిపారు. తీయడం, ఆడించడం రెండూ ఒకే చేతిలో ఉన్న సంస్థ అది. మద్రాసులో వెంకయ్య గారి ప్రయత్నానికి సరిగ్గా సమకాలికం. 1924లో గంగూలీ తన హాల్లో ‘రజియా బేగం’ అనే బొంబాయి సినిమా వేశారు. ముస్లిం రాణి హిందువును ప్రేమించిన కథ. దర్బారుకు కోపం వచ్చింది. గంగూలీని రాజ్యం విడిచి పొమ్మన్నారు. ఆయన కలకత్తా చేరి, 1929లో బ్రిటిష్ డొమినియన్ ఫిల్మ్స్ స్థాపించారు. దేవకీ బోస్, పి.సి. బారువా లాంటివాళ్లు సినిమా నేర్చుకున్న చోటు అది. 1975 సంవత్సరానికి ఫాల్కే పురస్కారం ఆయనకే ఇచ్చారు. హైదరాబాదు ఏం పోగొట్టుకుందో చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. లోటస్ మూతపడిన నాటికి జైరాజ్‌కు పదిహేనేళ్లు. ఆయన కాలేజీ నాటకాల్లో వేషాలు వేసే వయసుకు వచ్చేసరికి ఈ ఊళ్లో సినిమా చూడవచ్చు, తీయడానికి మాత్రం చోటు లేదు. 1961లో హిందీలో ‘రజియా సుల్తానా’ తీసినప్పుడు అందులో నిరూపా రాయ్ పక్కన నటించింది ఈ జైరాజే. ఏ రాణి కథ హైదరాబాదు సినిమాను ఆపేసిందో, ఆ రాణి కథలో హైదరాబాదులో చదువుకున్న తెలుగువాడు బొంబాయిలో వేషం వేశాడు.

హైదరాబాదులో లేకపోతే మద్రాసుకు పోవచ్చుగా అనే ప్రశ్న సహజం. తెలుగువాడికి అక్కడ తెలుగు సినిమా ఉంది కదా. 1929లో లేదు. మూకీకి భాషే లేదు. వెంకయ్య గారి సంస్థ అప్పటికే కష్టాల్లో పడింది. తెలుగులో మాట్లాడిన తొలి సినిమా ‘భక్త ప్రహ్లాద’ ఎక్కడ తయారైందో చూస్తే ఈ ప్రశ్న పూర్తిగా పక్కకు తప్పుకుంటుంది. దాన్ని హెచ్.ఎం. రెడ్డి సురభి నటులతో బొంబాయిలో తీశారు, ‘ఆలం ఆరా’ తీసిన ఆర్దేషిర్ ఇరానీ అండతో. 1931లోనే వచ్చిందని చాలాకాలం నమ్మాం. 1932 ఫిబ్రవరి 6న విడుదలైందని ఇటీవలి పరిశోధన తేల్చింది. ఆ తర్వాత వచ్చిన ‘సతీ సావిత్రి’, ‘లవకుశ’ కలకత్తాలో తయారయ్యాయి. మద్రాసులోనే తయారైన తెలుగు టాకీ చూడాలంటే 1934 నాటి ‘సీతాకల్యాణం’ దాకా ఆగాలి. కాబట్టి 1929లో బొంబాయి వెళ్లిన తెలుగువాడు తెలుగు సినిమాకు దూరంగా జరిగాడనడం కాలాన్ని తలకిందులు చేసి చూడటమే. తెలుగు సినిమాయే అప్పుడు బొంబాయిలో పుట్టడానికి సిద్ధమవుతోంది.

ఇక్కడ జైరాజ్ పక్కన మరొకరిని నిలబెట్టి చూడాలి. అక్కినేని లక్ష్మీవరప్రసాద్, మనం ఎల్.వి. ప్రసాద్ అని పిలుచుకునే ఆయన, 1908 జనవరిలో ఏలూరు దగ్గర సోమవరప్పాడులో పుట్టారు. జైరాజ్ కన్నా ఏడాదిన్నర పెద్ద. ఆయనా 1930 ప్రాంతంలో బొంబాయి చేరారు. ‘ఆలం ఆరా’లో చిన్న వేషం, ‘కాళిదాస్’లో ఒకటి, ‘భక్త ప్రహ్లాద’లో ఒకటి. ఇద్దరూ తెలుగువాళ్లే, ఇద్దరూ ఇంచుమించు ఒక వయసువాళ్లే, ఒకే నగరంలో ఒకే పరిశ్రమలో దిగినవాళ్లే. ఒకరు మద్రాసు వెళ్లి ‘గృహప్రవేశం’, ‘మనదేశం’, ‘షావుకారు’ తీసి తెలుగు సినిమాకు పెద్దదిక్కయ్యారు. ఇంకొకరు బొంబాయిలోనే ఉండిపోయారు. ఈ విడిపోవడం ఎక్కడ మొదలైందో చెప్పగలిగితే జైరాజ్ కథ మొత్తం అర్థమవుతుంది. అది మాట దగ్గర మొదలైందని నేననుకుంటున్నాను.

జైరాజ్ తొలి సినిమా 1929 నాటి మూకీ ‘జగ్‌మగ్‌తీ జవానీ’. తర్వాత మరికొన్ని మూకీలు. మూకీకి కావలసింది చూడచక్కని విగ్రహం, కసరత్తు చేసిన ఒళ్లు, ముఖంలో భావం పలికించే నేర్పు. జైరాజ్‌కు ఒడ్డూ పొడవూ ఉంది. 1931 మార్చిలో ‘ఆలం ఆరా’ విడుదలై బొంబాయిలో మాట మొదలయ్యాక లెక్క మారిపోయింది. మూకీల నాటి పెద్దపెద్ద పేర్లు కూడా తడబడ్డాయి. దేశంలోకెల్లా పేరున్న నటి సులోచన, అసలు పేరు రూబీ మైయర్స్, హిందుస్తానీ నేర్చుకోవడానికి కొంతకాలం తెరకు దూరమై తిరిగి రావలసి వచ్చింది. ‘ఆలం ఆరా’ నాయకుడు మాస్టర్ విఠల్‌కు సంభాషణ సరిగా పలకదని ఆయన పాత్రకు మాటలు బాగా తగ్గించేశారు. మరాఠీ, గుజరాతీ, ఆంగ్లో ఇండియన్ నటులకు ఇలా అడ్డుపడ్డ గుమ్మాన్ని కరీంనగర్ తెలుగువాడు సులువుగా దాటాడు. 1932లో ‘షికారీ’తో జైరాజ్ టాకీల్లోకి వచ్చేశారు. హైదరాబాదులో పెరిగినవాడికి ఉర్దూ ప్రత్యేకించి నేర్చుకోవలసిన విద్య కాదు. తొలి టాకీల సంభాషణలు పార్శీ నాటకరంగం నుంచి వచ్చిన ఉర్దూలోనే ఉండేవి, ఆ రంగస్థలానికి అలవాటైన రచయితలే రాసేవారు. కోస్తా నుంచి వెళ్లిన ప్రసాద్ గారికి ఆ భాష కొత్త. మాట కలిసొచ్చిన జైరాజ్‌కు అక్కడ ఉండటానికి కారణం దొరికింది. మాట కొత్తైన ప్రసాద్‌కు తన భాషలో పని చూపించే హెచ్.ఎం. రెడ్డి గారి వెంట నడవడానికి కారణం దొరికింది. భాష ఒక్కటే అన్నీ చేసిందనను. జైరాజ్ అప్పటికే మూకీల్లో ముఖం తెలిసిన నటుడు, ఆ వెసులుబాటు ప్రసాద్‌కు లేదు. ప్రసాద్ గారి మొగ్గు నటన కన్నా తీయడం వైపు ఎక్కువన్నది కూడా తర్వాతి చరిత్ర చెబుతుంది. ఇవన్నీ కలుపుకున్నా, బొంబాయి టాకీ గుమ్మం దగ్గర ఉర్దూ ఒక అనుమతిపత్రంగా పనిచేసిందన్నది కాదనలేం.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది. దాన్ని తేలిగ్గా తీసెయ్యకూడదు. నిజాం రాజ్యంలో ఉర్దూ పెత్తనం తెలుగును అణచిపెట్టింది కదా, ఆ అణచివేతనే ఒక తెలుగువాడి అదృష్టంగా చెప్పడం న్యాయమా అని అడగవచ్చు. 1921 నవంబరులో హైదరాబాదులో కర్వే అధ్యక్షతన జరిగిన సంఘసంస్కరణ సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గోల చేసి కూర్చోబెట్టారు. ఆ అవమానంలోంచే ఆంధ్రజన సంఘం పుట్టింది. గ్రంథాలయాలు, తెలుగు బడులు, పత్రికల కోసం ఎంత పోరాడవలసి వచ్చిందో మాడపాటి హనుమంతరావు రాసి పెట్టారు. జైరాజ్‌కు అప్పుడు పన్నెండేళ్లు. ఆయన తరమంతా ఆ వాతావరణంలోనే చదువుకుంది. ఇదంతా నిజం. నా వాదనకు ఇది అడ్డురాదు సరికదా, దాన్ని బలపరుస్తుంది. సభలోనే తెలుగులో మాట్లాడనివ్వని నగరంలో తెలుగు నాటకానికి, తెలుగు సినిమాకు పెట్టుబడి పెట్టేవాడెవడు? తెలుగుకు గుమ్మం మూసిన ఏర్పాటే, చదువుకున్న కొద్దిమందికి ఉర్దూ గుమ్మం తెరిచింది. ఆ కొద్దిమందిలో ఒకడు బొంబాయిలో హీరో అయ్యాడు. తక్కిన వేలమందికి ఏ గుమ్మమూ తెరుచుకోలేదు. జైరాజ్ విజయాన్ని నిజాం పాలన ఘనతగా చెబితే అది తప్పే. ఆ విజయం ఆ పాలన నీడలోంచి నడిచిందని చెప్పకుండా దాటేసినా తప్పే.

బొంబాయిలో ఆయన ఏం సాధించారన్నది ఇక్కడ కొంత నింపాదిగా చెప్పుకోవాలి, ఎందుకంటే తెలుగులో ఎవరు రాసినా ఫాల్కే పేరెత్తి ముగించేస్తారు. 1934లో హిమాంశు రాయ్, దేవికారాణి పెట్టిన బాంబే టాకీస్ ఆనాటి స్టూడియోల్లో పద్ధతిగా, నెలజీతాల లెక్కన నడిచిన సంస్థ. జర్మన్ దర్శకుడు ఫ్రాంజ్ ఆస్టెన్ అక్కడ 1938లో తీసిన ‘భాభీ’లో నాయకుడు జైరాజ్. 1943లో వచ్చిన ‘హమారీ బాత్’ దేవికారాణి నటించిన చివరి సినిమా. ఆమె పక్కన నాయకుడు జైరాజ్. అదే ఏడాది ‘నయీ కహానీ’. ఆ తర్వాత బాంబే టాకీస్‌కే దర్శకుడయ్యారు. 1945లో ఆయన తీసిన ‘ప్రతిమ’ దిలీప్‌కుమార్ జీవితంలో రెండో సినిమా. తొలి చిత్రం ‘జ్వార్ భాటా’ ఆడక, కొత్త కుర్రవాడికి ఇంకా ఊతం దొరకని సమయమది. భారతీయ నటనకు కొలబద్దగా చెప్పుకునే నటుడి తొలి అడుగుల్లో ఒకదాన్ని దిద్దినవాడు తెలుగువాడన్న సంగతి ఎంతమందికి తెలుసు? 1946 నాటి ‘షాజహాన్’లో సైగల్ కవి, రెహమాన్ చక్రవర్తి, తాజ్‌మహల్‌కు రూపమిచ్చే శిల్పి షిరాజీ మాత్రం జైరాజ్. 1951లో నర్గీస్‌తో సొంతంగా ‘సాగర్’ తీసి దెబ్బతిన్నారు. మళ్లీ నటనకే కట్టుబడ్డారు. స్టూడియోల జీతం కాలం పోయి సొంత నిర్మాతల కాలం వచ్చిన ఆ మలుపులో, బాంబే టాకీస్ తరం నటులు చాలామంది కొట్టుకుపోయారు. జైరాజ్ నిలబడ్డారు. ఎలాగంటే కత్తి పట్టుకుని.

1950లు, 60ల్లో ఆయన వేసిన పాత్రల వరస ఒక్కసారి చూడండి. ‘రాజ్‌పుత్’, ‘హాతింతాయి’, ‘అమర్‌సింగ్ రాఠోడ్’, ‘పృథ్వీరాజ్ చౌహాన్’, ‘టిప్పు సుల్తాన్’, ‘వీర్ దుర్గాదాస్’, ‘లాల్ ఖిలా’, ‘జై చిత్తోడ్’, ‘చంద్రశేఖర్ ఆజాద్’. రాజపుత్రుల నుంచి టిప్పు దాకా, మొఘలు కోట నుంచి ఆజాద్ తుపాకీ దాకా. చరిత్రను తెర మీద బతికించే నటుడిగా ఉత్తరాది చిన్న పట్నాల ప్రేక్షకులు ఆయన్ని చూశారు. ఇక్కడే రెండో అభ్యంతరం వస్తుంది. ఇవన్నీ రెండో వరస సినిమాలే కదా, దిలీప్, రాజ్‌కపూర్, దేవానంద్ నడిపిన కాలంలో ఈయన పక్క బాటలో మిగిలిపోయాడు కదా అని. పక్క బాటే, ఒప్పుకుంటాను. కానీ ఒక పరిశ్రమ చరిత్ర ముగ్గురు నలుగురు శిఖరాల చరిత్ర కాదు. హోమీ వాడియా లాంటివాళ్లు తీసిన జానపద, చారిత్రక చిత్రాలే పల్లె టెంటుల్ని, చిన్న ఊళ్ల హాళ్లని బతికించాయి. ఫైటర్లు, గుర్రాలవాళ్లు, సెట్లు వేసేవాళ్లు, దుస్తులు కుట్టేవాళ్లు వాటి మీదే బతికారు. దర్బారు సంభాషణను తడబడకుండా చెప్పగల నటుడికి అక్కడ ఎప్పుడూ గిరాకీ ఉండేది. జైరాజ్‌కు హైదరాబాదు ఇచ్చిన ఉర్దూ రెండోసారి అక్కరకొచ్చింది అక్కడే.

తెలుగులో ఇలాంటివాడు ఎవరని అడిగితే ఎవరైనా తడుముకోకుండా కాంతారావు పేరు చెబుతారు. విఠలాచార్య జానపదాల కత్తివీరుడు. ఆయనా నిజాం రాజ్యంలో పుట్టినవాడే, 1923లో, కోదాడ దగ్గర గుడిబండలో. జైరాజ్‌కు పద్నాలుగేళ్లు చిన్న. కానీ ఆయన సినిమా కోసం వెళ్లింది మద్రాసుకు. ఈ ఒక్క జంటను దగ్గర పెట్టుకుంటే నా వాదనంతా పరీక్షకు నిలుస్తుంది. కోదాడ అప్పటి కృష్ణాజిల్లా సరిహద్దున ఉన్న ఊరు. సురభి నాటకాలు, కోస్తా మాట, బెజవాడ రాకపోకలు అక్కడ దైనందిన విషయాలు. కాంతారావు బయల్దేరేనాటికి 1948 సెప్టెంబరు గడిచి నిజాం రాజ్యం భారతదేశంలో కలిసిపోయింది. మద్రాసులో తెలుగు సినిమా పూర్తి పరిశ్రమగా నిలబడింది. 1951లో ఆయన తొలిసారి కనిపించిన ‘నిర్దోషి’కి దర్శకుడెవరో తెలుసా? హెచ్.ఎం. రెడ్డి. ఇరవై ఏళ్ల కిందట బొంబాయిలో ‘భక్త ప్రహ్లాద’ తీసిన మనిషే. తెలుగు సినిమా కేంద్రం బొంబాయి నుంచి మద్రాసుకు కదలడం ఈ ఒక్క దర్శకుడి జీవితంలోనే కనిపిస్తుంది. 1929లో తెలంగాణ యువకుడికి బొంబాయి, 1951లో తెలంగాణ యువకుడికి మద్రాసు. మనుషుల్లో తెలుగుతనం పెరగలేదు, తగ్గలేదు. దారి మళ్లింది.

కడపటి అభ్యంతరం అన్నిటికన్నా సూటిది. ఎంత చెప్పినా ఆయన బతుకు హిందీ సినిమాలోనే గడిచింది కదా, ఆయన్ని తెలుగు సినిమా చరిత్రలో ఎందుకు చేర్చాలి? తెలుగు సినిమా అంటే తెలుగు మాట్లాడే రీళ్లు మాత్రమే అయితే, చేర్చనక్కర్లేదు. కానీ ఆ కొలత మనమెవరమూ పాటించం. ఎల్.వి. ప్రసాద్ హిందీలో తీసిన ‘శారద’, ‘ఛోటీ బహన్’, ‘మిలన్’, ‘ఖిలోనా’లను మన ఖాతాలోనే గర్వంగా రాసుకుంటాం. ‘రోజులు మారాయి’లో ఒక్క పాటకు ఆడి హిందీకి వెళ్లిపోయిన వహీదా రెహమాన్‌ను మన కథలో చెప్పుకుంటాం. మద్రాసు మీదుగా వెళ్లినవాళ్లకు దొరికిన చోటు, మద్రాసు చూడకుండా వెళ్లినవాడికి దొరకలేదంటే లోపం ఆయన జీవితంలో లేదు, మన చరిత్ర అల్లికలో ఉంది. విదేశీ సినిమాలు చూసినా అంతే. అఫనాసీ నికితిన్ యాత్ర మీద ఖ్వాజా అహ్మద్ అబ్బాస్, వసీలీ ప్రోనిన్ కలిసి తీసిన భారత్–సోవియట్ చిత్రం ‘పరదేశీ’లో, గాంధీ హత్య మీద మార్క్ రాబ్సన్ 1963లో తీసిన ‘నైన్ అవర్స్ టు రామా’లో జి.డి. బిర్లాగా, 1966 నాటి హాలీవుడ్ చిత్రం ‘మాయా’లో జైరాజ్ ఉన్నారు. ఒక తెలంగాణవాడు రష్యా, అమెరికా కెమెరాల ముందు నిలబడ్డ ఆ కాలంలో, హైదరాబాదులో పూర్తిగా తయారైన తొలి తెలుగు సినిమాగా చెప్పుకునే ‘మా ఇంటి మహాలక్ష్మి’ (1959) సారథి స్టూడియోలో అప్పుడప్పుడే బయటికొచ్చింది.

బొంబాయి దారి జైరాజ్ ఒక్కడిది కాదనడానికి సాక్ష్యాలు చాలా ఉన్నాయి. 1922లో గోల్కొండలో పుట్టిన హమీద్ అలీఖాన్ బొంబాయి వెళ్లి అజిత్ అయ్యాడు. ‘నయా దౌర్’, ‘మొఘల్ ఎ ఆజం’లలో వేషాలు వేసి, ‘జంజీర్’, ‘కాలీచరణ్’తో ప్రతినాయకుడిగా దేశమంతా తెలిసి, చివరికి ఈ ఊరికే వచ్చి 1998లో కన్నుమూశాడు. తిరుమలగిరిలో 1934లో పుట్టి ఇదే నిజాం కాలేజీలో చదివిన శ్యామ్ బెనెగల్ బొంబాయి వెళ్లి, ‘అంకుర్’ తీయడానికి మళ్లీ హైదరాబాదు పల్లెలకే వచ్చాడు. ఫాల్కే పొందినవాళ్లలో గంగూలీ, జైరాజ్, బెనెగల్ ముగ్గురికీ హైదరాబాదుతో అనుబంధం ఉంది, ముగ్గురూ పేరు తెచ్చుకున్నది బయటే. మార్కెట్ చెప్పే సాక్ష్యం ఇంకా గట్టిది. ఇవాళ మోతీనగర్ నుంచి ఫిల్మ్‌నగర్ దాకా ఏ సినిమా ఆఫీసులో అడిగినా కొత్త సినిమా లెక్క నైజాం, సీడెడ్, ఆంధ్రా అని మూడు ముక్కల్లో చెబుతారు. హిందీ సినిమా పంపిణీలోనూ నైజాం ఒక ప్రత్యేక సర్క్యూట్, పాత హైదరాబాదు రాజ్యంలోని మరాఠ్వాడా భాగాల్ని కూడా కలుపుకుని. రాజ్యం 1948లో పోయింది, రాష్ట్రం 1956లో మూడు ముక్కలైంది, పంపిణీదారుడి పుస్తకంలో మాత్రం ఆ సరిహద్దు చెరగలేదు. బొంబాయి సినిమాకు హైదరాబాదు ఎంత పాత బజారో అది చెబుతుంది. నటులు వెళ్లిన దారిలోనే రీళ్లు వచ్చాయి.

ఆ దారిలో రాకపోకలు తిరగబడ్డది 1980ల్లో. 1983లో పద్మాలయా సంస్థ ‘ఊరుకి మొనగాడు’ కథను జితేంద్ర, శ్రీదేవిలతో ‘హిమ్మత్‌వాలా’గా తీసి హిందీ బజారును ఊపేసింది. ఆ తర్వాత హిందీ తారలు తెలుగు నిర్మాతల పిలుపు మీద దక్షిణాదికి విమానాలు ఎక్కారు. ఇటీవలి ‘బాహుబలి’, ‘ఆర్ఆర్ఆర్’ దాకా అదే ప్రవాహం. కొత్త సంగతేమీ కాదది. హైదరాబాదుకు, బొంబాయికి మధ్య యాభై ఏళ్లుగా ఉన్న పరిచయం మీదే అది నిలబడింది. ఈ నగరంలో హిందీ మాటకు, హిందీ సినిమాకు మనుషులు అలవాటు పడి ఉండటం వల్లే ఫిల్మ్‌నగర్ రెండు బజార్లకు సినిమా తీయగలిగింది. మద్రాసులోనే ఉండిపోయి ఉంటే ఈ సులువు ఇంతగా దొరికేది కాదని నా అంచనా.

జైరాజ్ 2000 ఆగస్టు 11న బొంబాయిలోనే చనిపోయారు. తెలంగాణ ఏర్పడ్డాక రవీంద్రభారతిలో ఒక ప్రివ్యూ థియేటరుకు ఆయన పేరు పెట్టారు. 2025లో ఇచ్చిన గద్దర్ సినిమా పురస్కారాల్లో ఆయన పేరిట ఒకటి పెట్టి మణిరత్నానికి ఇచ్చారు. పక్కనే కాంతారావు పేరిట ఇంకొకటి. సంతోషించవలసిన పనులే. పేరు పెట్టడం కన్నా కష్టమైన పని ఇంకా మిగిలింది. ఆయన మూకీలు కళ్లతో చూడగలమన్న ఆశ లేదు, ఆ కాలపు భారతీయ మూకీల్లో అత్యధిక భాగం నశించిపోయాయి. కానీ ఆయన్ని బొంబాయి పంపిన హైదరాబాదు ఆనవాళ్లు నశించలేదు. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో అసఫ్‌జాహీ కాలపు దస్త్రాలు గుట్టలుగా ఉన్నాయి. లోటస్ కంపెనీ ఏ షరతుల మీద నడిచింది, సినిమాహాళ్లకు దర్బారు ఏ నిబంధనలు పెట్టింది, గంగూలీని ఏ కారణం రాసి పంపించారు అన్న ప్రశ్నలు వెతకవలసిన చోటు అదే. ఆ కాగితాల భాష ఎక్కువగా ఉర్దూ, పారశీకం. తెలుగు, ఇంగ్లీషు పత్రికల్ని, మద్రాసు పాటల పుస్తకాల్ని తిరగేసి మన సినిమా చరిత్ర రాసుకున్నాం. ఉర్దూ చదవగల తెలుగు పరిశోధకులు ఈ ఊళ్లో ఇప్పటికీ ఉన్నారు. వాళ్లను ఆ దస్త్రాల ముందు కూర్చోబెట్టే పని విశ్వవిద్యాలయాలదీ, ఫిల్మ్ చాంబర్‌దీ, ప్రభుత్వానిదీ.